పాపమా, పాపశంకా? నలిగిపోతున్న మనస్సాక్షికి ఒక మార్గదర్శి

ప్రార్థన ముగించి ఆమెన్ అన్నాక "మనసుపెట్టి చేశానా" అని మళ్లీ మొదటికొచ్చేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) తీసుకోవాల్సిన ఆదివారం పొద్దున్నే కడుపులో తిప్పేవాళ్లకూ, ఒప్పుకున్న పాపాన్ని సరిగ్గా ఒప్పుకోలేదేమోనని మళ్లీ మళ్లీ ఒప్పుకునేవాళ్లకూ, వాళ్ల ఇంట్లోవాళ్లకూ, సంఘ కాపరులకూ కూడా. ఏ తప్పు చేసినా చీమ కుట్టినట్టు కూడా లేని మనిషి దీన్ని చదవకపోవడమే మేలు. అతనికి కావాల్సిన మందు వేరు, ఇక్కడి సలహాలు అతని చేతిలో సాకులైపోతాయి.

తిరుపతి, చిత్తూరు వైపు క్రైస్తవుల్లో అన్ని రకాలవాళ్లమూ ఉన్నాం. దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘానికి కేంద్రం తిరుపతే. ఆర్కాటు మిషన్ నాటి సంఘాలు చిత్తూరులో ఉన్నాయి. కతోలికులున్నారు, పెంతెకొస్తువాళ్లున్నారు, మేడమీద గదిలో నడిచే చిన్న మందిరాలకైతే లెక్కే లేదు. కతోలికులు పాపసంకీర్తనానికి, అంటే పాపాలు ఒప్పుకోవడానికి, ఫాదర్‌గారి దగ్గరికి వెళ్తారు, మిగతావాళ్లు అయ్యగారితోనో పాస్టరుగారితోనో చెప్పుకుంటారు. నలిగే తీరు మాత్రం అందరిదీ ఒకేలా ఉంటుంది కాబట్టి కలిపే రాస్తున్నాను.

మొదటి అడుగు: లోపల మాట్లాడుతున్నది ఏదో తేల్చుకోండి

మనస్సాక్షీ, పాపశంకా (పాపం చేశానేమోనని ఆగకుండా పీడించే అనుమానం) ఒకే గొంతుతో మాట్లాడతాయి. అందుకే పోల్చుకోవడం కష్టం. అది ఏం అడుగుతోంది, అడిగింది చేశాక ఏం చేస్తుంది అన్నవి చూడాలి.

లీలామహల్ సెంటర్‌లో షేర్ ఆటో దిగిన ఒకమ్మాయి ఇరవై ఇవ్వాల్సింది హడావుడిలో పది చేతిలో పెట్టి వచ్చేసింది. ఇంటికెళ్లాక గుర్తొచ్చింది. "పది రూపాయలు బాకీ. ఆ ఆటో అన్న కనిపిస్తే ఇవ్వు, లేదంటే ఎవరైనా లేనివాళ్లకివ్వు" అన్నది మనస్సాక్షి. ఇచ్చేస్తే ఊరుకుంటుంది. శంక అక్కడ ఊరుకోదు. "తెలిసే ఇచ్చావేమో? మిగుల్చుకుందామన్న ఆశ లోపలెక్కడో ఉందేమో? ముసలావిడకు పది ఇచ్చావు సరే, మంచిదాన్నని అనిపించుకోవడానికి ఇచ్చావేమో? అసలు బాకీ అతనిది కదా, ఆవిడకిస్తే తీరినట్టేనా?" రాత్రి పదకొండు దాటినా ఈ విచారణ నడుస్తూనే ఉంటుంది. పది రూపాయల కేసు.

కొన్ని గుర్తులు చెప్తాను. మనస్సాక్షి ఫలానా పని, ఫలానా మనిషి అని వేలుపెట్టి చూపిస్తుంది. శంక ఎప్పుడూ "ఒకవేళ" అనే మాటతో మొదలవుతుంది. మనస్సాక్షి చెప్పింది చేయడం బరువుగా ఉండొచ్చుగానీ, చేయదగ్గదే అయివుంటుంది. శంక నూటికి నూరుపాళ్లు నమ్మకం కావాలంటుంది, అది మనుషులకు దొరకదు. ఇంకో గుర్తు: ఎవరైనా ధైర్యం చెప్తే శంక పావుగంట తగ్గి, కొత్త వేషంలో తిరిగొస్తుంది. నిన్న ఆటో, ఈరోజు ప్రార్థనలో పరధ్యానం, రేపు చిన్నప్పుడు స్కూల్లో చెప్పిన అబద్ధం.

16వ శతాబ్దపు కతోలిక పునీతుడు లొయోలా ఇగ్నేషియస్ దీన్ని చక్కగా విడదీసి చూపించాడు. దారిలో రెండు గడ్డిపరకలు సిలువ ఆకారంలో పడివున్నాయి. తెలియక తొక్కిన మనిషి "పాపం చేశాను" అని గట్టిగా అనుకుంటే, అది తప్పుడు తీర్పు. ఎవరైనా విడమరిచి చెప్తే సరిపోతుంది. తొక్కిన తర్వాత "చేశాననిపిస్తోంది, చేయలేదనీ అనిపిస్తోంది" అని ఊగిసలాడుతూ నలిగిపోతుంటే, పాపశంక అంటే అది. మొదటిదానికి పాఠం చాలు. రెండోదానికి ఎన్ని పాఠాలు చెప్పినా ఆగదు, ఎందుకంటే అక్కడ లోపించింది తెలివితేటలు కావు. శంకతో బాధపడేవాళ్లలో చాలామందికి వాక్యం బాగా తెలుసు, కొందరైతే సండే స్కూల్లో పిల్లలకు చెప్తుంటారు కూడా.

ఇగ్నేషియస్ ఇది పుస్తకాలు చదివి రాయలేదు. 1522లో స్పెయిన్‌లో, మొంత్సెరాత్ మఠంలో తన జీవితమంతటి పాపాలను మూడు రోజుల పాటు రాసి ఒప్పుకున్నాడు. ఆ తర్వాత మన్రేసా ఊళ్లో ఉండగా ఏదో వదిలేశానన్న బాధ మొదలై మళ్లీ మళ్లీ ఒప్పుకుంటూ పోయాడు. చచ్చిపోదామన్న ఆలోచన దాకా వెళ్లింది. ఈ బాధ పోయేదాకా తిననని వారం రోజులు ఉపవాసమున్నాడు, ఆయన పాపసంకీర్తన గురువు ఆ ఉపవాసం మాన్పించాడు. మనవాళ్లు ఇలాంటి స్థితిలో ఉన్న పిల్లలకు "ఇంకో ఉపవాస ప్రార్థన పెట్టుకోమ్మా" అని చెప్తుంటే నాకు ఈ సంగతే గుర్తొస్తుంటుంది.

రెండో అడుగు: మనస్సాక్షిని దాని పీట మీద కూర్చోబెట్టండి

"మనస్సాక్షి అంటే దేవుని స్వరమే" అని ప్రసంగాల్లో వింటుంటాం. మొద్దుబారిన గుండెకు ఆ మాట మంచిదే. శంక పట్టినవాళ్లకు మాత్రం అది విషం, లోపల లేచే ప్రతి వణుకూ దేవుడి మాటే అనుకుంటారు కాబట్టి. 13వ శతాబ్దంలో కతోలిక వేదాంతి థామస్ అక్వినాస్ ఇచ్చిన వివరణ ఇంతకంటే నేలమీద ఉంటుంది: మనకు తెలిసిన మంచిచెడ్డలను ఎదురుగా ఉన్న ఒక పనికి అన్వయించి బుద్ధి ఇచ్చే తీర్పే మనస్సాక్షి. తీర్పు అన్నాక పొరపాటు పడొచ్చు. తెలియక తప్పును ఒప్పనొచ్చు, ఒప్పును తప్పనొచ్చు.

బైబిల్లోనూ అదే కనిపిస్తుంది. తనలో తనకు ఏ దోషమూ కనిపించలేదనీ, అంతమాత్రాన తాను నీతిమంతుణ్ని అయిపోననీ, తీర్పు తీర్చేవాడు ప్రభువేననీ మొదటి కొరింథీ 4:4లో పౌలు రాశాడు. మొదటి యోహాను 3:20 దాన్నే అటువైపు నుంచి చెప్తుంది: మన హృదయం మన మీద నేరం మోపినప్పుడు కూడా దేవుడు మన హృదయం కంటే గొప్పవాడు. రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. లోపలి కోర్టు విడుదల చేసినా అది చివరి తీర్పు కాదు, శిక్ష వేసినా కాదు.

అలాగని మనస్సాక్షిని పక్కన పెట్టమని ఏ సంఘమూ చెప్పలేదు. 1521లో జర్మనీలోని వర్మ్స్ సభ ముందు, లూథరన్ సంఘాలకు మూలపురుషుడైన లూథర్ తన మనస్సాక్షి దేవుని వాక్యానికి కట్టుబడి ఉందని నిలబడ్డాడు. 1965లో కతోలికుల రెండో వాటికన్ మహాసభ మనస్సాక్షిని మనిషి దేవునితో ఏకాంతంగా ఉండే లోపలి గర్భాలయంగా వర్ణించింది. బాగా ఆలోచించి, వాక్యం చదివి, అడగాల్సినవాళ్లను అడిగి ఒక నిర్ణయానికొస్తే దాన్ని పాటించి తీరాలి. దామలచెరువు మామిడి మండీలో కాటా అంకెలు గాలికి ఊగుతుంటే కాయల్ని ఎవరూ పారబోయరు, మళ్లీ మళ్లీ ఎత్తి తూయరు కూడా. ముందు కాటాను కుదుట పెడతారు. కింది అడుగులన్నీ ఆ పని కోసమే.

మూడో అడుగు: మూడు ప్రశ్నలు, ఒక్కసారే

చావైన పాపం (దేవునితో బంధాన్ని తెంచే పెద్ద పాపం) అనడానికి మూడు సంగతులు కలవాలని కతోలిక బోధ: విషయం గంభీరమైనదై ఉండాలి, అది పాపమని పూర్తిగా తెలిసి ఉండాలి, తెలిసే మనస్ఫూర్తిగా ఒప్పుకుని చేసి ఉండాలి. ఈ మూడింటినీ లూథరన్లు, పెంతెకొస్తువాళ్లు కూడా వాడుకోవచ్చు. నిద్రమత్తులో వచ్చిన తలంపు, ప్రార్థనలో బుర్రలోకి దూసుకొచ్చిన బూతుమాట, బజార్లో కళ్లబడిన బొమ్మ మూడో ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి. మీరు పిలవలేదు, ఒప్పుకోలేదు.

"ఒప్పుకున్నానో లేదో తెలియడం లేదండీ" అంటారు వెంటనే. దానికి పాత నీతిశాస్త్ర గురువుల దగ్గర ఒక నియమముంది. పాపశంక ఉన్న మనిషి, ఆ పని గంభీరమైన పాపమని తెలిసే, కావాలనే చేశానని ప్రమాణం చేసి చెప్పగలిగితే తప్ప చేసినట్టు లెక్కపెట్టకూడదు. తడుముకుంటున్నాడంటే లేదనే అర్థం. మామూలు మనుషులకు ఇంత వెసులుబాటు ఇవ్వరు, శంక ఉన్నవాళ్లకే ఇస్తారు. ఎందుకంటే వాళ్లు నిజంగా కావాలని పాపం చేస్తే వాళ్లకు తెలియకుండా పోయే అవకాశమే లేదు. ఇలాంటివాళ్లకు చాలా కాలంగా ఆసరాగా నిలిచిన అల్ఫోన్సస్ లిగోరి (1696–1787) తానే జీవితాంతం ఈ బాధ పడ్డాడు. 1950లో కతోలిక సంఘం ఆయన్ను పాపసంకీర్తన గురువులకు పాలక పునీతుడిగా ప్రకటించింది.

మూడు ప్రశ్నలూ ఒక్కసారి వేసుకోండి. జవాబు వచ్చినా, రాకపోయినా లేచి మీ పని చూసుకోండి. రెండోసారి వేసుకున్నారంటే అది ఆత్మపరిశీలన కాదు, జబ్బుకు మేత.

నాలుగో అడుగు: లడ్డు ఇంటికొచ్చినప్పుడు

మన ఊళ్లో ఈ అడుగుకు ఎక్కువ చోటివ్వాలి. కొండకెళ్లొచ్చిన పక్కింటి అక్క గిన్నెలో లడ్డు తెచ్చిస్తుంది. తీసుకోకపోతే ఆమెకు బాధ, తీసుకుంటే మనకు భయం. ఈ చిన్న గిన్నె చుట్టూ తిరుపతి క్రైస్తవుల ఇళ్లల్లో ఎన్ని వాదనలు నడిచాయో!

విగ్రహాలకు అర్పించిన మాంసం గురించి కొరింథు సంఘం అడిగినప్పుడు పౌలు మొదటి కొరింథీ 8 నుంచి 10 దాకా జవాబు రాశాడు. 10వ అధ్యాయం చివర్లో మూడు సందర్భాలు విడదీశాడు. అంగట్లో అమ్మేదాన్ని మనస్సాక్షి పేరుతో ఏ విచారణా చేయకుండా తినొచ్చు. విశ్వాసి కానివాళ్లు భోజనానికి పిలిస్తే, వడ్డించినదాన్ని ఏ విచారణా చేయకుండా తినొచ్చు. "ఇది అర్పించినది" అని ఎవరైనా చెప్తే, చెప్పినవాడి కోసం, అతని మనస్సాక్షి కోసం తినకూడదు. అంతకు కొంచెం ముందే, ప్రభువు బల్లలోనూ దయ్యాల బల్లలోనూ పాలుపొందలేరని గట్టిగానే చెప్పాడు. విగ్రహం వట్టిదన్నది 8వ అధ్యాయంలో ఆయనే అన్న మాట.

పక్కింటి అక్క ఇచ్చేది ప్రసాదమని ఆమె చెప్పే ఇస్తుంది. అది మూడో సందర్భం. ఇక్కడి సంఘాల్లో ఎక్కువమంది తినకూడదనే బోధిస్తారు. గౌరవంగా తీసుకుని తినేవాళ్లకు ఇచ్చేసే కుటుంబాలూ ఉన్నాయి. మీ సంఘం బోధ, మీ ఇంటి పరిస్థితి చూసుకుని ఒక్కసారి తేల్చుకోండి. తినకూడదనుకుంటే చెప్పడం అంత కష్టం కాదు: "అక్కా, మా కోసం గుర్తుపెట్టుకుని తెచ్చావు, సంతోషం. మేం ప్రసాదం తినంలే, ఏమనుకోవద్దు. కూర్చో, కాఫీ తాగి పోదువు." ఇలా చెప్తే నొచ్చుకునేవాళ్లను నేను పెద్దగా చూడలేదు. ముఖం మాడ్చుకుని తలుపేసుకుంటే మాత్రం నొచ్చుకుంటారు, ఆ పాపానికి ఏ లడ్డూ కారణం కాదు.

అసలు బాధ ఆ తర్వాత మొదలవుతుంది. శంక లడ్డు దగ్గర ఆగదు. హాస్టల్ మెస్‌లో పులిహోర పెడితే "ఇది నైవేద్యం పెట్టిందేమో" అంటుంది. టిఫిన్ సెంటర్‌లో గల్లాపెట్టె వెనక పటానికి కర్పూరం వెలిగిస్తే "ఈ ఇడ్లీ కూడా అర్పించినట్టేనా" అంటుంది. ఫ్రెండ్ పుట్టినరోజు కేక్ కోసే ముందు వాళ్లమ్మ దేవుడి గదిలో పెట్టిందేమోనని వంటింట్లోకి తొంగిచూడమంటుంది. జాతర రోజుల్లో చికెన్ షాపు ముందు నిలబెట్టి, కోసేటప్పుడు ఏం మాట అన్నారో వినమంటుంది.

ఇక్కడ పౌలు మాట మళ్లీ చదవండి. "ఏ విచారణయు చేయక" అన్నాడు, అదీ రెండుసార్లు. నూటికి తొంభైమంది దీన్ని వెసులుబాటుగా చదువుతారు. పాపశంక ఉన్నవాళ్లు ఆజ్ఞగా చదవాలి. మెస్‌లో పులిహోర గురించి అడగకపోవడమే వాళ్లకు విధేయత. అడిగితే భయభక్తులున్నట్టు అనిపిస్తుందిగానీ, అపొస్తలుడు వద్దన్న పనే అది.

"మరి రోమా 14:23 మాటేమిటి? అనుమానించి తినేవాడు దోషి అని ఉందే?" ఈ వచనాన్ని పట్టుకుని వచ్చేవాళ్లు చాలామంది. ఆ అధ్యాయం మొత్తం చదవండి. తినడం తప్పని నిజంగా నమ్మే ఒక సోదరుడు, తినేవాళ్ల మధ్య సిగ్గుపడి, తన నమ్మకానికి అడ్డంగా తినడం గురించి పౌలు మాట్లాడుతున్నాడు. అది గట్టి నమ్మకానికి ఎదురెళ్లడం. మీరు కుదురుగా ఉన్నప్పుడు, "మెస్ పులిహోర తినడం తప్పా?" అని ఎవరైనా అడిగితే "కాదు" అనే చెప్తారు. ప్లేటు ముందుకొచ్చినప్పుడు లేచే దడ నమ్మకం కాదు. ఆ దడకు ఎదురెళ్లి తింటే మనస్సాక్షికి ఎదురెళ్లినట్టు కాదని పాత గురువులు తేల్చిచెప్పారు. శంకకు లొంగకుండా పని చేయొచ్చు, చేయాలి కూడా.

అయిదో అడుగు: ఒక్కరినే అడగండి

లూథర్ 1505లో ఎర్ఫుర్ట్ మఠంలో చేరాక గంటల తరబడి ఒప్పుకునేవాడట, ఒక్కోసారి ఆరు గంటలు. ఒప్పుకోలు ముగించి నాలుగడుగులు వేశాక ఇంకేదో గుర్తొచ్చి తిరిగొచ్చేవాడు. ఆ మఠాల పెద్ద యొహాన్ ష్టౌపిత్స్ విసుక్కున్నాడు కూడా. కానీ తన పాపాల మీద నుంచి చూపు తిప్పి క్రీస్తు గాయాల వైపు చూడమని చెప్పింది కూడా ఆ ష్టౌపిత్సే. అది తనకెంత మేలు చేసిందో లూథర్ తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు.

మీకూ అలాంటి మనిషి ఒకరు కావాలి. ఇద్దరు వద్దు. శంక ఉన్నవాళ్లు చేసే పని ఇదీ: అయ్యగారిని అడుగుతారు, ఆయన పాపం కాదంటారు. సాయంత్రానికి మదనపల్లెలో ఉన్న బాబాయి పాస్టరుగారికి వాట్సాప్‌లో అదే ప్రశ్న పెడతారు. రాత్రి యూట్యూబ్‌లో ఒక ప్రసంగీకుడు దానికి వ్యతిరేకంగా అరుస్తుంటే వింటారు. మూడు జవాబులు చేతిలో పెట్టుకుని, వాటిలో అన్నిటికంటే భయంకరమైనదాన్ని నమ్ముతారు.

ఎలాంటి మనిషిని ఎంచుకోవాలి? వాక్యం తెలిసి, తొందరపడకుండా వినేవాళ్లను. చెప్పింది బయట చెప్పనివాళ్లను. ప్రతి బాధకూ "విత్తనం వెయ్యి (కానుక ఇవ్వు), కట్లు తెగిపోతాయి" అనేవాళ్ల దగ్గరికి వెళ్లొద్దు. బలవంతంగా దయ్యం వెళ్లగొట్టేవాళ్ల దగ్గరికి అసలే వద్దు, పాపశంక దయ్యం కాదు.

మొదటిసారి వెళ్లినప్పుడు ఇలా చెప్పండి: "అయ్యగారూ, నాకు పాపం గురించిన అనుమానాలు ఆగకుండా వస్తుంటాయి. ఒక్కొక్కటీ మీకు చెప్తే మీ టైమూ పోతుంది, నాకు తగ్గదు కూడా. మీరు నాకు కొన్ని నియమాలు పెట్టండి, వాటినే పాటిస్తాను." ఆ నియమాల్లో ఇవి ఉండాలి: పాత పాపాలు మళ్లీ ఒప్పుకోకూడదు. అనుమానంగా ఉన్నవాటిని ఒప్పుకోలులో చేర్చకూడదు. కలిసే రోజు ముందే పెట్టుకోవాలి, మధ్యలో ఫోన్ చేయకూడదు. అయ్యగారి నియమం తప్పేమోనన్న శంక కూడా వస్తుంది, తప్పకుండా వస్తుంది. దానికీ అదే నియమం వర్తిస్తుంది.

అయ్యగార్లకు ఒక విన్నపం. అడిగినప్పుడల్లా ఓపిగ్గా ధైర్యం చెప్తే ప్రేమగానే ఉంటుంది, కానీ మీ మాట మాత్రలా అలవాటైపోతుంది. ఒకసారి చెప్పండి. రెండోసారి అడిగితే "దీనికి జవాబు అప్పుడే ఇచ్చానమ్మా" అని మాట మార్చేయండి.

ఆరో అడుగు: అలవాటును విరగ్గొట్టడం

శంకకు బలం అది పుట్టించే దడలో లేదు, దడ తగ్గడానికి మనం చేసే పనుల్లో ఉంది. ప్రార్థన మళ్లీ చేయడం, క్షమించమని మనసులోనే పదే పదే అనడం, కానుక సంచిలో వేసింది దశమభాగానికి (సంపాదనలో పదో వంతుకు) సరిపోయిందో లేదో ఫోన్‌లో మళ్లీ లెక్క కట్టడం, గూగుల్‌లో "క్షమించరాని పాపం" అని వెతకడం. చేసిన ప్రతిసారీ దడ కాసేపు తగ్గుతుంది, ఆ తగ్గుదలే రేపటి దడకు పునాది.

ఈ పనుల్ని చిన్నదాని నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటిగా మానుకోండి. భోజనం ముందు ప్రార్థన మూడుసార్లు చేస్తుంటే, ఈ వారం ఒక్కసారే చేసి ముద్ద నోట్లో పెట్టుకోండి. దడ లేస్తుంది, లేవనివ్వండి. దాన్ని అణచడానికి ఏమీ చేయొద్దు, వాక్యం కూడా మందులా మింగొద్దు. సంగటి తింటూ దడను దాని పాటికి వదిలేస్తే అదే దిగుతుంది. నాలుగైదు పూటలకు తేడా తెలుస్తుంది. అది కుదిరాక దశమభాగం లెక్క మీదికి, ఆ తర్వాత ఇంకా కష్టమైనవాటి మీదికి వెళ్లండి.

దేవదూషణ తలంపుల గురించి విడిగా చెప్పాలి. మంచి మనసున్నవాళ్లనే ఇవి ఎక్కువ పీడిస్తాయి. 17వ శతాబ్దపు ఇంగ్లీషు ప్రసంగీకుడు జాన్ బన్యన్‌ను "క్రీస్తును అమ్మేయ్, అమ్మేయ్" అన్న తలంపు రోజుల తరబడి వెంటాడింది, తాను క్షమాపణకు దూరమైపోయానని చాలాకాలం నమ్మాడు. యేసు చెప్పిన క్షమాపణ లేని పాపం ఏమిటో మార్కు 3:30 వెంటనే విప్పి చెప్తుంది. ఆయనకు అపవిత్రాత్మ పట్టిందని శాస్త్రులు (యూదుల ధర్మశాస్త్ర పండితులు) తెలిసి, పట్టుదలతో అన్నారు కాబట్టి ఆ మాట చెప్పాడు. అది చేశానేమోనని ఏడుస్తున్న మనిషి ఆ శాస్త్రుల పక్కన నిలబడలేదు. తలంపు వస్తే తరమొద్దు, దానితో వాదించొద్దు, "యేసు రక్తం" అని పదిసార్లు అనొద్దు. రోడ్డు మీద లారీ హారన్ విన్నట్టు విని ఊరుకోండి.

మొక్కుబడుల శంక కూడా ఇలాంటిదే. "ఇది జరిగితే జీవితాంతం కాఫీ తాగను ప్రభువా" అన్న మాట బుర్రలో మెరిస్తే అది మొక్కుబడి అయిపోదు. మొక్కుబడికి ఆలోచించి, స్వేచ్ఛగా దేవుడికి మాటివ్వడం ఉండాలి. కాఫీ తాగండి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు

ఈ ఆలోచనలూ, వాటికోసం చేసే పనులూ రోజుకు గంటకు మించి తినేస్తుంటే, చదువూ ఉద్యోగమూ ఇల్లూ దెబ్బతింటుంటే, అది ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలు, వాటికోసం పదే పదే చేసే పనులతో ఉండే మానసిక జబ్బు) అయ్యుండొచ్చు. పాపశంక రూపంలో వచ్చే ఓసీడీ అరుదేమీ కాదు, అన్ని మతాల్లోనూ ఉంది. విశ్వాసం తక్కువై వచ్చేది కాదు. పైన ఆరో అడుగులో చెప్పిన పద్ధతినే మానసిక వైద్యులు ఇంకా క్రమంగా చేయిస్తారు, దాన్ని ఈఆర్‌పీ అంటారు. ఫ్లూఆక్సిటిన్, సెర్ట్రాలిన్ లాంటి మందులూ పనిచేస్తాయి, కానీ ఓసీడీకి ఫలితం కనబడటానికి 8 నుంచి 12 వారాలు పట్టొచ్చు. పది రోజులకే తగ్గలేదని మానేయకూడదు. సాక్ష్యం చెప్పాలని, విశ్వాసం చూపాలని డాక్టర్‌ను అడగకుండా మాత్రలు ఆపేయడం ప్రమాదం.

తిరుపతిలో రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. చిత్తూరు వాళ్లకు వేలూరు సీఎంసీ దగ్గర. అది క్రైస్తవ ఆసుపత్రి కాబట్టి అక్కడి డాక్టర్లకు ప్రార్థన, ఒప్పుకోలు లాంటి మాటలు విడమరిచి చెప్పాల్సిన పని ఉండదు. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఓసీడీకే ప్రత్యేక క్లినిక్ ఉంది. ఎక్కడికీ వెళ్లలేకపోతే ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఈ గైడు పక్కన పెట్టి ఇప్పుడే ఇంట్లోవాళ్లకు చెప్పండి, ఆసుపత్రికి వెళ్లండి.

ఇంట్లోవాళ్లు ఒక్క సంగతి నేర్చుకుంటే చాలు. కూతురు "అమ్మా, నేను రక్షణ పోగొట్టుకున్నానా?" అని పదోసారి అడిగితే "లేదు బంగారూ" అని పదోసారి చెప్పొద్దు, కసురుకోవద్దు కూడా. "ఇది నీ శంక మాట్లాడుతోంది పాపా, దానికి నేను జవాబు చెప్పను. రా, ఈ చిక్కుళ్లు తుంచుదువు" అనండి.

కుదుటపడిన మనస్సాక్షికి పని

శంక వల్ల జరిగే పెద్ద నష్టం బాధ కాదు. పెద్ద పాపాలు కనిపించకుండా పోతాయి. పుదీనాకు, సోపుకు, జీలకర్రకు దశమభాగం లెక్క కట్టి, న్యాయాన్నీ కనికరాన్నీ వదిలేశారని, దోమను వడగట్టి ఒంటెను మింగారని మత్తయి 23లో యేసు పరిసయ్యులను అన్నాడు. ప్రార్థనలో పరధ్యానానికి ఏడ్చే మనిషి, మామిడి సీజన్‌లో తరుగు పేరుతో రైతు దగ్గర ఎక్కువ కాయలు లాగే మండీలో లెక్కలు రాస్తుండొచ్చు. ఆ లెక్క గురించి అతనికి నిద్ర చెడదు. ఇంట్లో పనిచేసే అమ్మకు పండగ నెలలో జీతం ఆలస్యం చేసినవాళ్లు, కట్నం బేరం ఆడి పెళ్లి చర్చిలో చేసినవాళ్లు, సమాధుల తోటలో కులం చూసి చోటు అడిగేవాళ్లు మన సంఘాల్లో ఉన్నారు. వాళ్లలో కొందరు బల్ల ముందు చాలా జాగ్రత్తపరులు.

శంక కాస్త తగ్గాక, సాయంత్రం అయిదు నిమిషాలు చాలు. ఈరోజు ఎవరితో ఎలా ఉన్నాను, ఎవరికి ఏం బాకీ ఉన్నాను అని చూసుకోండి. కృతజ్ఞతతో మొదలుపెట్టి, రేపు చేయాల్సిన ఒక్క పనితో ముగించండి. అయిదు నిమిషాలు దాటిందంటే ఆపేయండి. శంక ఇంకా గట్టిగా ఉన్నవాళ్లు ఈ పరిశీలన కొన్నాళ్లు మానేయాలి. ఇగ్నేషియస్ సలహా కూడా ఇదే: మొరటు మనసును సున్నితం చేసుకోవాలి, మరీ సున్నితమైనదాన్ని కాస్త మొరటు చేసుకోవాలి.

బల్ల ఆదివారం, శ్రమ దినాలు

ఈ రెండు సమయాల్లో శంక ఎక్కువవుతుంది, కాబట్టి ముందే ఏర్పాటు చేసుకోండి. అయోగ్యంగా తినడం గురించి మొదటి కొరింథీ 11లో పౌలు హెచ్చరించింది, పేదవాళ్లు ఆకలితో కూర్చుంటే కలిగినవాళ్లు ముందే తిని తాగి మత్తులయ్యే సంఘాన్ని. పరధ్యానంలో ఉన్న మనిషిని కాదు. శనివారం రాత్రి మూడు ప్రశ్నలు ఒక్కసారి వేసుకోండి. ఎవరితోనైనా నిజమైన గొడవ ఉంటే ఫోన్ చేసి మాట్లాడండి. ఆదివారం పొద్దున కొత్తగా వచ్చే అనుమానాలకు తలుపు తీయొద్దు. కడుపులో తిప్పుతున్నా లైన్లో నిలబడండి, చేతులు చాచి తీసుకోండి.

శ్రమ దినాలు ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై రోజులు. ఉపవాసం ఎన్ని పూటలు, ఏం తినాలి, ఎప్పుడు విడవాలి అన్నది అవి మొదలయ్యే భస్మ బుధవారం రాకముందే మీ అయ్యగారితో మాట్లాడి ఒక కాగితం మీద రాయించుకోండి. రాసినదానికి మించి ఒక్క పూట కూడా చేయొద్దు. షుగర్ ఉన్నవాళ్లూ మాత్రలు వాడేవాళ్లూ డాక్టరును కూడా అడగాలి. మధ్యలో ఒక పూట తప్పితే దానికి బదులు ఇంకో పూట కలపకుండా, మరుసటి రోజు కాగితంలో ఏముందో అదే చేయండి.